కాలేజీకి పంపితే ఏమొస్తుంది?

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి జులై దాకా మన ఊళ్లలో పిల్లలకు రెండు ప్రశ్నలు తప్పవు. ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ అన్నది మొదటిది. ‘డిగ్రీలో చేరుతున్నా’ అనగానే రెండోది వచ్చి పడుతుంది: ‘డిగ్రీ చేస్తే ఏమొస్తుంది?’ అడిగినవాళ్లు వినాలనుకునేది ఒక ఉద్యోగం పేరు. పిల్లలూ అదే చెబుతారు. టీచరు, బ్యాంకు, గ్రూప్స్, ఎస్సై, సాఫ్ట్‌వేర్. అడిగినవారు తలాడించి వెళ్లిపోతారు.

అది సగం జవాబే. మిగతా సగం పిల్లలు పెద్దవాళ్ల ముందు చెప్పరు. స్నేహితులతో చెప్పుకుంటారు, లేదంటే తమలోనే ఉంచుకుంటారు. ‘పెళ్లి కొన్నాళ్లు ఆగుతుందని.’ ‘ఇంట్లో ఉంటే రోజూ పొలం పనే అని.’ ‘ఊళ్లో మా ఇంటిని బట్టి, మా కులాన్ని బట్టి పిలుస్తారు, అక్కడ నా పేరుతో పిలుస్తారని.’ ‘ఏం చేయాలో ఇంకా తెలియడం లేదు, ఆలోచించుకోవడానికి మూడేళ్లు దొరుకుతాయని.’ జిల్లాల్లో ఏ కాలేజీ ఆవరణలోనైనా చెట్టు కింద కూర్చుని ఓపిగ్గా వింటే ఈ మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఉద్యోగం కోసం అన్న మాట అబద్ధమని నేను అనడం లేదు. ఇంట్లో అందరూ ఒప్పుకునే కారణం అది. దాని చాటున ఉన్నవీ కారణాలే, ఒక్కోసారి అవే అసలు కారణాలు. వాటిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే మన డిగ్రీ కాలేజీలు ఇలా తయారయ్యాయని నా గట్టి నమ్మకం.

కేంద్ర ప్రభుత్వం చేసే ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో దేశం మొత్తం మీద 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోలిస్తే కాలేజీల్లో చేరినవారు నూటికి 28.4 మంది. తెలంగాణలో ఆ సంఖ్య 40. ఆంధ్రప్రదేశ్‌లో 36 దాటింది. అంటే కాలేజీ దాకా వెళ్లే అలవాటు మనకు చాలా రాష్ట్రాల కంటే ఎక్కువే. ఇంతమంది వెళుతున్నది ఎందుకో తెలుసుకోవాలంటే ముందు ఆ నిర్ణయం జరిగే చోటికి వెళ్లాలి.

బస్సు ఎటు పోతే అటు

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ డిగ్రీ సీట్ల కేటాయింపు ఆన్‌లైన్‌లోకి వచ్చేసింది. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లే ఎక్కువ కాబట్టి, ఏ కోర్సు, ఏ కాలేజీ అన్నది మండల కేంద్రంలోని ఇంటర్నెట్ సెంటర్లో తేలుతుంది. అలాంటి ఒక సెంటర్లో ఓ జూన్ మధ్యాహ్నం కూర్చున్నాను. బయట ఉక్కపోత. లోపల ఒకే ఫ్యాను, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిన్. బల్ల మీద వరసగా ప్లాస్టిక్ కవర్లు. బట్టల షాపువి, మెడికల్ షాపువి. వాటిలో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్.

ఒక అమ్మాయి, వాళ్ల నాన్న. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు తల్లిది. ఆమె కూలికి వెళ్లింది. ఓటీపీ చెప్పాలంటే ఆమె దగ్గరున్న ఫోన్ చూడాలి, ఆమెకు చదవడం రాదు. పక్కన పనిచేస్తున్న ఇంకొకామె చదివి చెప్పింది. రిజిస్ట్రేషన్ ఫీజు రెండొందలు కట్టాక సెంటర్ కుర్రాడు ‘కోర్సు ఏం పెట్టాలె?’ అని అడిగాడు. తండ్రి కూతురి వైపు చూశాడు. ఆమె కాస్త తటపటాయించి ‘బీకాం కంప్యూటర్స్’ అంది. ‘కాలేజీ?’ అని అడిగితే మాత్రం తడుముకోలేదు. ‘మొదటిది గవర్నమెంట్ కాలేజీ. రెండోది గూడ ఆ ఊరిదే పెట్టు అన్నా. మా బస్సు సక్కగ ఆడికే పోతది. సాయంత్రం ఐదున్నరకు మళ్ల వస్తది. ఇంకోకాడికైతే మా నాయిన పంపడు.’

తండ్రి కాదనలేదు. ‘చీకటి పడకముందు ఇంటికి రావాలె గదా సారూ’ అన్నాడు నాతో.

కోర్సును బట్టి కాలేజీ, కాలేజీని బట్టి భవిష్యత్తు అని మనం పత్రికల్లో రాస్తుంటాం. ఆ సెంటర్లో కూర్చుంటే క్రమం తిరగబడి కనిపిస్తుంది. ముందు బస్సు, బస్సును బట్టి కాలేజీ, కాలేజీలో ఏ కోర్సు ఉంటే ఆ కోర్సు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాని ఖర్చు గురించి వాదోపవాదాలు ఎన్ని జరిగినా, ఇంటర్ పాసైన పల్లెటూరి అమ్మాయికి అది ఎంచుకునే కాలేజీల సంఖ్యను పెంచిన నిర్ణయం. పాసు డబ్బులు అడగాల్సిన అవసరం లేకపోవడం ఒక సంగతి. ‘అంత దూరమా, బస్సు ఖర్చే ఎంతవుతుంది’ అన్న అభ్యంతరం ఇంట్లో లేకుండా పోవడం అంతకన్నా పెద్ద సంగతి. చీకటి పడకముందు తిరిగొచ్చే బస్సు ఉందా లేదా అన్నది మాత్రం ఇంకా చాలా ఊళ్లలో తేలని విషయమే.

సంబంధం తెచ్చినవాళ్లకు చెప్పే మాట

ఆడపిల్ల ఇంటర్ పాసై ఇంట్లో ఉంటే నెల తిరక్కుండా సంబంధాలు మొదలవుతాయి. మేనత్త అంటుంది, పక్కింటి పిన్ని అంటుంది, పెళ్లిళ్ల పేరయ్య వచ్చి గుమ్మంలో కూర్చుంటాడు. అదే అమ్మాయి కాలేజీలో చేరితే తల్లిదండ్రులకు ఒక జవాబు దొరుకుతుంది. ‘పిల్ల చదువుతోందండీ, డిగ్రీ అయ్యాక చూద్దాం.’ ఈ మాటకు మన సమాజంలో మర్యాద ఉంది. ‘మా అమ్మాయికి ఇప్పుడే పెళ్లి ఇష్టం లేదు’ అంటే వినని బంధువులు దీన్ని వింటారు. చట్టం పద్దెనిమిదేళ్లు నిండితే చాలంటుంది. పద్దెనిమిదికీ ఇరవై ఒకటికీ మధ్య అమ్మాయిని కాపాడుతున్నది చట్టం కాదు, కాలేజీ ఐడీ కార్డే.

దీన్ని కొందరు లెక్చరర్లు బాధగా చెబుతారు. ‘చదువు మీద ఆసక్తితో రారండీ, పెళ్లి కుదిరేదాకా కాలక్షేపం’ అని. నేను ఒప్పుకోను. మూడేళ్ల వ్యవధి ఒక ఆడపిల్ల జీవితంలో ఏం చేస్తుందో చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. పద్దెనిమిదేళ్లకు సంబంధం వస్తే తలవంచుకునే పిల్ల, ఇరవై ఒకటికి ‘అబ్బాయి ఏం చేస్తాడు, పెళ్లయ్యాక నన్ను బీఈడీ చదివిస్తాడా?’ అని అడుగుతుంది. ఈలోపు ఆమెకు బ్యాంకు ఖాతా వాడటం తెలిసింది, ఒంటరిగా జిల్లా కేంద్రానికి వెళ్లి రావడం తెలిసింది, ఇంటి వాళ్లు తప్ప వేరే మనుషులు తెలిశారు. కరోనా కాలంలో కాలేజీలు మూతపడ్డప్పుడు దీని విలువ తెలిసొచ్చింది. తిరిగి తెరిచాక కొందరు అమ్మాయిలు మెడలో పసుపుతాడుతో క్లాసుకొచ్చారు. కొందరు టీసీ కోసం మాత్రమే వచ్చారు.

సాయంత్రం పూట ఏదైనా చిన్న పట్టణం బస్టాండులో గమనించండి. నాలుగింటికి కాలేజీ వదులుతారు. తమ ఊరి బస్సు వస్తుంది, అమ్మాయిలు ఎక్కరు. సిమెంటు బెంచీ మీద ముగ్గురు కూర్చునే చోట ఆరుగురు సర్దుకుని మాట్లాడుకుంటూనే ఉంటారు. ఒకరి ఫోన్లో ఏదో చూస్తారు, అర్ధరూపాయి జోకుకు పది రూపాయల నవ్వు నవ్వుతారు. ఐదున్నర బస్సే చివరిది, అప్పుడు పరిగెత్తి ఎక్కుతారు. ఆ గంటన్నర ఇంట్లో ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని లేని సమయం. అన్నదమ్ములకు అలాంటి సమయం పుట్టినప్పటి నుంచీ ఉంది. అక్కచెల్లెళ్లకు కాలేజీ వల్ల వచ్చింది. ఎందుకు చేరారని ఆ అమ్మాయిలను ప్రిన్సిపాల్ గదిలో అడిగితే గ్రూప్స్ అంటారు, టీచర్ అంటారు. బెంచీ మీద అడిగితే నవ్వి ఊరుకుంటారు.

అమ్మాయిల చదువు గురించి మాట్లాడేటప్పుడు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను తలచుకోక తప్పదు. రాజమండ్రిలో 1909లో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ బంధంలోంచి బయటికొచ్చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. అక్కడ చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లను చూశారు. వాళ్లకు సాయపడాలంటే తాను చదవాలనుకున్నారు. కాలేజీలో ఎందుకు చేరాలి అన్నదానికి ఇంతకన్నా సూటైన కారణం నాకు తెలిసి లేదు. మెట్రిక్, ఇంటర్ బెనారస్ నుంచి ప్రైవేటుగా కట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు అడిగితే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్న అడ్డంకి ఎదురైంది. అప్పుడు ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చారు. వసతి లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలను కూడగట్టి, తామే ఉండే చోటు ఏర్పాటు చేసుకుని చేరారు. రాజనీతి శాస్త్రంలో పట్టా, ఆ తర్వాత మద్రాసులో లా, ఆపైన రాజ్యాంగ సభ సభ్యత్వం.

ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా అడ్డంకి అదే. తెలంగాణలో 2016లో సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ మహిళా డిగ్రీ కాలేజీలు తెరిచినప్పుడు పేద దళిత కుటుంబాలు వాటి కోసం పోటీపడ్డాయంటే కారణం సిలబస్ కాదు. అన్నం, మంచం, గేటు, వార్డెన్. తల్లిదండ్రులు ‘సరే’ అనడానికి అవి కావాలి.

నా పేరుతో పిలిచే చోటు

ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మన దేశంలో 1944 నుంచి ఉంది. స్వాతంత్ర్యం కన్నా ముందే వచ్చిన ఆ చిన్న మొత్తం ఎన్ని కుటుంబాల తలరాత మార్చిందో చెప్పే కథలు తెలుగు నేల మీద లెక్కలేనన్ని. వై.బి. సత్యనారాయణ రాసిన ‘మా నాయన బాలయ్య’ చదివినవాళ్లకు ఆ తండ్రి గుర్తుండిపోతాడు. రైల్వేలో చిన్న కొలువు చేస్తూ, ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు బదిలీ అవుతూ పిల్లల చదువు ఆగకుండా చూసుకున్న మాదిగ కుటుంబపు పెద్ద. ఆ ఇంటి నుంచి ప్రొఫెసర్లు వచ్చారు. రచయిత స్వయంగా కెమిస్ట్రీ చెప్పి, ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. బాలయ్య కోరుకున్నది జీతం మాత్రమే అయితే ఆ పిల్లల్ని పదో తరగతితో రైల్వేలోనే పెట్టి ఉండొచ్చు. తాను తలవంచిన చోట బిడ్డలు తలవంచకూడదన్నది ఆయన పట్టుదల.

ఈ కారణం ఇప్పటికీ సజీవంగా ఉంది. ఊళ్లో కులం పేరు పెట్టి, ఏకవచనంతో పిలిపించుకున్న కుర్రాడు కాలేజీ అటెండెన్స్‌లో ఇంటిపేరుతో సహా తన పేరు వింటాడు. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో అందరితో కలిసి ఒకే పంక్తిలో తింటాడు. కాలేజీల్లో కులం లేదని చెప్పడం లేదు. హాస్టల్ గదుల కేటాయింపు నుంచి ల్యాబ్‌లో గ్రూపుల దాకా అది కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఊళ్లో ఎదిరించడానికి తోడు ఉండదు, కాలేజీలో ఉంటుంది. 1966లో విశాఖ ఉక్కు కోసం, 1969లోనూ 2009లోనూ తెలంగాణ కోసం విద్యార్థులే ముందుకు దూకారంటే, ఇళ్లలో మాట్లాడనివి అక్కడ మాట్లాడుకున్నారు కాబట్టే. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని వాదించడం నేర్చుకున్నవాళ్లు తర్వాత కోర్టుల్లో, శాసనసభల్లో, పత్రికల్లో వాదించారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక ఈ దారి ఒక్కసారిగా వెడల్పయింది. అంతకు ముందు ఇంజినీరింగ్ గురించి ఆలోచించని ఇళ్ల నుంచి పిల్లలు వెళ్లారు. కౌలు రైతు కొడుకు, చేనేత కార్మికుడి కూతురు, గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు బీటెక్ చదివారు. కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి, చాలావాటిలో చదువు నాసిరకంగా ఉంది, ఆ తర్వాత కొన్ని మూతపడ్డాయి కూడా. ఇవన్నీ నిజాలే. అయినా ఆ పథకం తప్పని నేననను. దాన్ని సరిగా నడపకపోవడం తప్పు. రెండు రాష్ట్రాల్లోనూ ఏ ప్రభుత్వం ఉన్నా బకాయిలు పేరుకుపోతూనే ఉన్నాయి. బకాయిలు రాలేదని యాజమాన్యాలు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకుండా బిగపట్టుకుంటాయి. చివరికి సర్కారు కట్టాల్సిన డబ్బు కోసం విద్యార్థి తల్లి మెడలోని గొలుసు కుదువకు వెళుతుంది. ఉద్యోగానికి పిలుపొచ్చి, చూపించడానికి మెమో చేతిలో లేక ఆగిపోయిన పిల్లల బాధ ఎవరి ఖాతాలో రాయాలి?

శుభలేఖ మీది అక్షరాలు

చదువంటే కొలువే అన్న భావన మన కాలేజీలకు పుట్టుకతో వచ్చింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి తర్వాత నోబుల్ కాలేజీ అయింది. రాజమండ్రి, విశాఖ, విజయనగరం, గుంటూరు, హైదరాబాదుల్లో ఆ శతాబ్దంలోనే కాలేజీలు వచ్చాయి. 1857లో మద్రాసు యూనివర్సిటీ ఏర్పడ్డాక మెట్రిక్, ఎఫ్.ఏ., బి.ఏ. అని మెట్లు వేశారు. ఎక్కిన మెట్టును బట్టి కచేరీలో కొలువు. ప్లీడరు గారి ఇంటి ముందు పేరు పక్కన బి.ఏ., బి.ఎల్. అని చెక్కిన బోర్డు వేలాడేది.

ఆ బోర్డు ఇప్పుడు శుభలేఖ మీదికి వచ్చింది. వధూవరుల పేర్ల కింద చిన్న అక్షరాలతో బి.టెక్., ఎం.ఎస్సీ., బి.ఈడీ. అని రాస్తారు. ఆ గీత ఖాళీగా ఉండకూడదన్నది చాలా ఇళ్లలో నిజమైన కోరిక. పట్టణాల్లో ఏసీలు బాగుచేసే కుర్రాళ్లు, సొంతంగా మొబైల్ షాపు నడిపేవాళ్లు గెస్ట్ లెక్చరర్ కన్నా ఎక్కువే సంపాదిస్తారు. అయినా డిగ్రీ కట్టి ఉంచుతారు. సంబంధం చూసేటప్పుడు ‘అబ్బాయి ఎంతవరకు చదివాడు?’ అన్న ప్రశ్నకు ఒక జవాబు కావాలి. గౌరవం కోసం చదవడం తప్పా? పేరు పక్కన నాలుగు అక్షరాలు ఉంటేనే మనిషిని మనిషిగా చూసే సమాజంలో, ఆ అక్షరాలు సంపాదించుకోవాలనుకున్నవాణ్ణి తప్పుపట్టే హక్కు మనకు లేదు.

అయితే మగపిల్లల విషయంలో నాకు దిగులు ఉంది. మామూలు డిగ్రీ కాలేజీల్లో అబ్బాయిలు పల్చబడుతున్నారు. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల్లో అమ్మాయిలే ఎక్కువ. చేరిన అబ్బాయిల్లో చాలామంది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డెలివరీ పనో, షోరూమ్ పనో చేసుకుంటూ పరీక్షలకు మాత్రం వస్తారు. వాళ్లను సోమరులనుకోకండి. ఇంటి అప్పుకు నెలనెలా వడ్డీ పంపుతున్న పిల్లలు వాళ్లు. సర్టిఫికెట్ వస్తుంది. బెంచీ మీది సాయంత్రాలు, మెట్ల మీది వాదనలు వాళ్లకు రావు.

పదిహేనో ఏట పడే ముడి

ఇంజినీరింగ్, మెడిసిన్ సంగతి వేరు. అక్కడ ‘ఎందుకు ఎంచుకున్నావు’ అన్న ప్రశ్నే సరిగ్గా అతకదు. ఎంచుకున్నది పదో తరగతి అయిన వేసవిలో, చాలావరకు ఇంట్లోవాళ్లు. ఎంపీసీనా, బైపీసీనా? ఆ ఒక్క మాటతో దారి ఖరారు. 1986లో ఎంసెట్ మొదలైన నాటి నుంచీ రెండు తరాల తెలుగు పిల్లలు ఈ ముడి మీదుగానే నడిచారు. దాని గురించి ఎంతోమంది రాశారు కాబట్టి ఇక్కడ ఆగను. ఒక్క సంగతి మాత్రం. బీటెక్ తర్వాత ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లే వరస కూడా చదువు కోసం అన్న పేరుతో సాగే వలసే. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అక్కడ సైన్సు, ఇంజినీరింగ్ పట్టా తీసుకుంటే ఏడాది, ఆపైన ఇంకో రెండేళ్లు పనిచేసుకునే వీలుంటుంది. ఆ మూడేళ్ల కోసమే అప్పు చేసి రెండేళ్లు చదువుతారు. వీసా నిబంధనలు మారతాయన్న వార్త వస్తే గుంటూరులో, కరీంనగర్‌లో తల్లిదండ్రులకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. వాళ్లు కొన్నది పాఠాలను కాదు, వ్యవధిని.

చూడబోతే పల్లెటూరి డిగ్రీ అమ్మాయీ, డాలస్ వెళ్లిన కుర్రాడూ కొనుక్కుంటున్నది ఒకటే. జీవితం నిర్ణయమైపోయే ముందు కాస్త సమయం.

నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో

ఈ సమయానికి ఇంకో ఉపయోగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఒకే విడతలో లక్షకు పైగా పోస్టులు ప్రకటించారు. వాటిలో చాలావాటికి డిగ్రీనో, డిప్లొమానో కావాలి. నోటిఫికేషన్ పడ్డాక దరఖాస్తుకు ఉన్నది కొద్ది రోజులే. డిగ్రీ మూడేళ్లు పడుతుంది. అప్పటికే చేతిలో పట్టా ఉన్నవాళ్లే ఆ తలుపులోంచి వెళ్లగలిగారు. బీఏ పాసై పెళ్లి చేసుకుని, పసిపిల్లతో ఇంట్లో ఉన్న ఆడవాళ్లు ఎందరో పుస్తకాలు దులిపి ఆ పరీక్ష రాసి కొలువులో చేరారు. ‘డిగ్రీ చేసి ఇంట్లో కూర్చుంది, ఏం లాభం’ అని అన్నాళ్లూ అన్నవాళ్లే తర్వాత సర్టిఫికెట్ల కోసం ఆమె సంతకం అడగడానికి వచ్చారు.

మన ఊళ్లలో సర్కారు కొలువులు వానల్లా వస్తాయి, ఎప్పుడు వస్తాయో చెప్పలేం. దుక్కి దున్ని ఉంచుకోవడమే రైతు చేయగలిగింది. డిగ్రీ అలాంటిదే. ఏళ్ల తరబడి నోటిఫికేషన్ లేకపోతే ఆ ఎదురుచూపు మనిషిని తినేస్తుందన్నదీ నిజమే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర, అశోక్‌నగర్ హాస్టళ్లలో ముప్పయ్యేళ్లు దాటినా గ్రూప్స్ పుస్తకాలు వదలని మనుషుల్ని చూస్తే ఆ బాధ అర్థమవుతుంది. ఆ తప్పు చదివినవాళ్లది కాదు. ఏడాదికోసారి క్రమం తప్పకుండా పరీక్ష పెడతామన్న మాట నిలబెట్టుకోని ప్రభుత్వాలది.

చదువు వయసు దాటినవాళ్లూ ఈ తలుపు దగ్గరికి వస్తారు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో మన తెలుగు నేల మీదే మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు మీద ఉంది. బడి చదువు పూర్తి చేయనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. అంగన్‌వాడీ టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు, హోంగార్డులు, హోటల్లో పనిచేసేవాళ్లు ఆ దారిలో చదివారు. పదోన్నతి కోసం వచ్చినవాళ్లున్నారు. పిల్లలు కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టాక ‘అమ్మకేం తెలుసు’ అన్న మాట పడలేక వచ్చినవాళ్లూ ఉన్నారు. స్టడీ సెంటర్లో ఆదివారం క్లాసుకు కళ్లజోడు పెట్టుకుని ముందు బెంచీలో కూర్చునేది వీళ్లే. లెక్చరర్ చెప్పిందల్లా రాసుకునేదీ వీళ్లే.

వచ్చినవాళ్లకు ఏం పెడుతున్నాం?

ఇంత కష్టపడి, ఇన్ని చెప్పుకోలేని ఆశలతో పిల్లలు గేటు దాకా వస్తున్నారు. లోపల ఏముంది? చాలా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో శాశ్వత అధ్యాపకుల పోస్టులు ఖాళీ. పీరియడ్ల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్ నాలుగు క్లాసులు ఏకబిగిన చెప్పి, అటునుంచి ఇంకో కాలేజీకి బస్సెక్కుతాడు. లైబ్రరీకి తాళం, తాళంచెవి ఉన్న మనిషి డిప్యుటేషన్ మీద వేరేచోట. అమ్మాయిలే ఎక్కువున్న కాలేజీలో పనిచేసే మరుగుదొడ్డి ఒక్కటి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఒకే ప్రధాన సబ్జెక్టుతో డిగ్రీ పద్ధతి తెచ్చారు. ఆ సబ్జెక్టు చెప్పే మనిషి లేనిచోట పద్ధతి మారి ఏం ప్రయోజనం?

‘ప్లేస్‌మెంట్లు ఎన్ని?’ అన్న ఒక్క కొలతతో కాలేజీని కొలిచినన్నాళ్లూ ఇవేవీ లెక్కకు రావు. ఆ కొలతలో జిల్లా డిగ్రీ కాలేజీ ఎప్పుడూ ఓడిపోతుంది. ఓడిపోయిన చోటికి నిధులెందుకని సర్కారు అనుకుంటుంది. నిజానికి అక్కడ జరగాల్సిన పని ఇంకా పెద్దది. ఒక అమ్మాయి పెళ్లిని మూడేళ్లు ఆపి, ఆ మూడేళ్లలో ఆమెకు లోకం చూపించాలి. ఊళ్లో నోరు లేని కుర్రాడికి నోరివ్వాలి. నోటిఫికేషన్ పడిన రోజుకు సిద్ధంగా ఉంచాలి. ఉద్యోగం చూపించడం కన్నా ఈ పనులకు మంచి అధ్యాపకులు ఎక్కువ కావాలి, తక్కువ కాదు.

ఇక ప్రవేశాల సంగతి. ఇంట్లో ఇంటర్ పాసైన పిల్ల ఉంటే, ఫ్లెక్సీల మీద ఫొటోలు చూసి కాకుండా ఒకపూట కాలేజీకే వెళ్లి చూసి రండి. పిల్లనూ తీసుకెళ్లండి, ఆమెనే అడగనివ్వండి. ప్రతి సబ్జెక్టుకూ లెక్చరర్ ఉన్నారా, గెస్ట్ అయితే ఎన్నేళ్లుగా ఉన్నారు? లైబ్రరీ ఎన్ని గంటలు తెరుస్తారు? అమ్మాయిల హాస్టల్ ఎంత దూరం, రాత్రి వార్డెన్ అక్కడే ఉంటారా? రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపుతారా? అక్కడే చదువుతున్న ఇద్దరు ముగ్గురు సీనియర్లను పక్కకు పిలిచి ఇవే ప్రశ్నలు మళ్లీ అడగండి. తిరుగు బస్సు సమయం కూడా కనుక్కోండి. ఇవన్నీ తెలుసుకున్నాకే ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లండి. వెబ్ ఆప్షన్లు ఒకసారి పెట్టేశాక కూడా గడువు ముగిసేలోపు మార్చుకోవచ్చు.